అర్జీల సాబు అడిగిన సభ

మోమిన్‌పేటలో మండలాఫీసు తెరిచిన వారంలోనే ఆయన పోయాడన్న కబురు వచ్చింది. మా వారు వికారాబాదు స్టేషన్లో గూడ్సు గుమస్తా. తాండూరు నుంచి బండల వ్యాగన్లు వచ్చినప్పుడు అక్కడి మనుషుల కబుర్లూ వస్తాయి. అన్నానికి కూర్చుని, ఇంకా ముద్ద కలపకుండానే, "అర్జీల సాబు పోయిండంట" అన్నారు.

నేను మజ్జిగ గిన్నె కింద పెట్టి వీధి తలుపు వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని. ఎమర్జెన్సీ పోయి చాలా ఏళ్లయింది, వినడానికి అక్కడ ఎవరూ లేరు. అయినా ఆయన మాట వస్తే నేను ముందు తలుపు చూస్తాను, తరువాతే మనిషిని తలుచుకుంటాను. అంత మంచి మనిషిని అలా తలుచుకోవలసి రావడం నా కర్మ. ఆయన్ని మా గడప తొక్కించిన దేవుడికి మాత్రం ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరుంది. ఇక్కడ రాయను. తాండూరు తహసీలు ఆఫీసు గోడకు ఆనుకుని ఒక చెక్కపెట్టె ముందు కూర్చుని అర్జీలు రాసేవాడు కనుక అందరూ అర్జీల సాబు అనేవారు. మా వారు తాండూరులో పనిచేసిన రెండేళ్లలో స్నేహం. నేను చిచా అని, బాబాయి వరసలో పిలిచేదాన్ని. పొడుగు మనిషి. మందుసీసాలో సిరా పోసుకుని, మూతకు గుడ్డ చుట్టి జేబులో పెట్టుకునేవాడు. ఆ జేబు ఎప్పుడూ నీలంగానే ఉండేది. చాయ్ సాసర్లో పోసుకుని, సాసరు పెదవుల దాకా తెచ్చి, ఏదో గుర్తొచ్చి దింపేసి మాట్లాడేవాడు. చల్లారిన చాయే తాగేవాడు ఎప్పుడూ.

ఆయన నోట్లో ఒక మాట ఉండేది. "నిన్ను అడిగిండ్రా?"

బస్సు వేళ మారిందని ఎవరైనా విసుక్కుంటే, "మార్చేటప్పుడు నిన్ను అడిగిండ్రా?" అనేవాడు. బడికి పంతులు రాలేదంటే, గోదాము వేరే ఊరికి పోయిందంటే, అదే మాట. ఒకసారి మా ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువైందని మా వారు మూతి ముడిస్తే, "జర ఆగు సాబ్, వేసేటప్పుడు బిడ్డ నిన్ను అడిగిందా?" అన్నాడు. మా వారు నవ్వి తినేశారు. నాకు మాత్రం ఆ మాట మొదటినుంచీ భయమే. నవ్వుకునే మాట ఏదో ఒకరోజు నవ్వని వాడి చెవిన పడుతుందని.

ఆ మాట వెనక ఆయనకు ఒక పెద్ద కోరిక ఉండేది. దేశానికి పెద్దలు కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. రాష్ట్రం ఎలా నడవాలో మాత్రం ఇక్కడున్న వాళ్లను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. ఊరికొకరు, పార్టీ లేకుండా, ఒకచోట సభగా కూర్చుని, మంత్రి ఏం చెయ్యాలి, ఆఫీసరు ఎవరికి జవాబు చెప్పాలి, చెప్పకపోతే ఏం కావాలి అన్నది కొత్తగా రాసుకోవాలి. ఇదీ ఆయన అడిగేది. ఆ అరవైతొమ్మిదిలో ఊళ్లు అట్టుడుకుతున్నాయి. రాష్ట్రం వేరు కావాలని ఒకరు, కలిసే ఉండాలని ఒకరు. వికారాబాదు ప్లాట్‌ఫారం మీద రాళ్లు పడి, నేను మా క్వార్టరు కిటికీలకు చాపలు కట్టుకున్న రోజులు. విద్యార్థులు రైల్లో ఆయన్ని పట్టుకుని నువ్వు ఎటు దిక్కు అని అడిగారట. "వేరైనా కలిసినా, కుర్చీల కూసున్నోన్ని అడిగేదెట్ల? ముందు గది రాసుకుందాం" అన్నాడట. ఒక పిల్లవాడు చెంప మీద కొట్టాడు. ఆ తరువాతి వారం పోలీసులు అదే ప్రశ్న వేశారు. అదే జవాబు చెప్పి అక్కడా దెబ్బలు తిన్నాడు.

ఆ వాచిన చెంపతోనే మా ఇంటికి వచ్చాడు. ఊరూరా తిరిగి మనుషుల మాటలు ఉర్దూలో రాసుకున్నాడు. ఆఫీసుల్లో అప్పటికే తెలుగు వచ్చేసింది, ఉర్దూ కాగితం ముట్టుకునేవాడు లేడు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు, రాయడం రాదు. మా వారు గొప్పగా, "మా ఇంట్ల ఉన్నది సాబ్ దస్తూరి, అచ్చుగుద్దినట్టు ఉంటది" అన్నారు. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే పలక మీద దిద్దించి, భాగవతం చూసి రాయించి నేర్పాడు. రామకోటి రాసుకోవడం తప్ప ఆ చదువుతో నాకు పనేమీ పడలేదు. ఇప్పుడు ఒకరికి పనికొస్తుందంటే సంతోషమూ కలిగింది, భయమూ వేసింది.

ఆదివారాలు పాసింజరుకు వచ్చేవాడు. ఆయన చాప మీద కూర్చుని చదివి చెప్పేవాడు, నేను గుమ్మం లోపల కూర్చుని రెండేసి ప్రతులు రాసేదాన్ని. ఒకటి పట్నంలో సర్కారుకు పంపడానికి, ఒకటి ఆయన దగ్గర ఉంచుకోవడానికి. నవాబుపేట రైతు ఒకడు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. కందుల ధర పడిపోయిన రోజున మంత్రి వచ్చి మార్కెట్లో బస్తాల పక్కన నిలబడాలట, ఏమీ చెయ్యకపోయినా సరే, నిలబడాలట. మోమిన్‌పేట దిక్కు గొర్లు కాసుకునే ఒక అవ్వ, "గొర్లు లెక్క వెట్టనీకె వచ్చినోడు ఇంటికాన్నే తిని రావాలె" అని చెప్పింది. నేను దాన్ని కాస్త చక్కబెట్టి, అధికారులు ప్రజల వద్ద భోజనం స్వీకరించరాదు అని రాశాను. ఆయన చదివి కాగితం చాప మీద పెట్టాడు.

"నీ తెలుగు బంగారమే బిడ్డా. కానీ గామె గిట్ల అనలే. గా అవ్వను ఇప్పటిదాంక ఎవ్వరు అడగలే. అడిగినంక గూడ ఆమె మాట మనం మారిస్తే ఎట్ల?"

కాగితం చింపి మళ్లీ రాశాను. మాట చెప్పినవాళ్ల పేరు, ఊరు, కింద వేలిముద్ర. ప్రతి మాటకూ అంతే. చివరి కాగితాలకు వచ్చేసరికి రెండువందల దాకా మనుషులయ్యారు. ఆ వేలిముద్రలు చూస్తే నాకు నిద్రపట్టేది కాదు. ఇది ఎవరి చేతిలోనైనా పడితే ఒక్కొక్కర్నీ ఇంటికి పోయి పట్టుకోవచ్చు కదా అన్నాను. "అర్జీ కింద పేరు లేకపోతే అది అర్జీ కాదు, ఆకాశరామన్న ఉత్తరం" అన్నాడు. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. రాసినదాన్నే గాని చెప్పినదాన్ని కాదుగా. ఆ ధైర్యంతోనే రాశాను.

సభ ఒకసారి జరిగింది కూడా. నలభై ఊళ్ల మనుషులు తాండూరులో కూడాలనుకున్న రోజుకు నలుగురు కలిసి నిలబడకూడదని దండోరా వేశారు. చిచా సభను పశువుల సంతకు మార్చేశాడు. వచ్చినవాళ్లు మేకను బేరం చేస్తున్నట్టు నిలబడి, దాని పళ్లు చూస్తూ, నడుం తడుముతూ తమ ఊరి మాట చెప్పి పోవాలి. పోలీసు లాఠీ ఊపుకుంటూ పక్కనుంచే తిరిగాడట. పెద్దేముల్ దిక్కు నుంచి వచ్చిన ఒకాయన మాత్రం బేరం మరీ ఒప్పించేట్టు చేసి, మేకను నిజంగానే కొనాల్సి వచ్చి, దాన్ని తోలుకుని ఏడుస్తూ ఇంటికి పోయాడట. మా వారు ఇది చెబుతుంటే పొర్లి పొర్లి నవ్వారు. నేను దేవుడి గూట్లో దీపం వెలిగించి వచ్చాను.

కాగితాలు పట్నం పోయాయి. జవాబు రాలేదు. ఏళ్లు గడిచాయి. ఆయన ఆదివారాలు రావడం తగ్గించాడు. ఇంక అది ముగిసిందని నేను లోలోపల మొక్కు చెల్లించుకున్నాను.

ఎమర్జెన్సీ వచ్చిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం మా వారు డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చారు. ఎప్పుడూ అలా రారు. తలుపు గడియ పెట్టి నిలబడే చెప్పారు. తాండూరులో అర్జీల సాబు ఇల్లు సోదా చేశారు, ఆయన్ని తీసుకుపోయారు, సందూకపెట్టెలో ఉన్న కాగితాలన్నీ బయటికి లాగారు. ఉర్దూవి వదిలేసి తెలుగువి తీసుకుపోయారు. ఆ రాత ఎవరిదో కనుక్కుంటున్నారు.

"గవర్నమెంటు నౌకరీ మనది" అన్నారు. గడియ తీసి మళ్లీ డ్యూటీకి పోయారు.

అప్పుడు నాకు ఒక విషయం గుర్తొచ్చింది. మా నాన్న నేర్పిన అలవాటు, ఏది రాసినా పైన శ్రీరామ అని రాస్తాను. రాస్తున్నట్టు నాకే తెలియదు, ఊపిరి లాంటిది. ఆ కాగితాలన్నిటి మీదా, పుట పుటకూ, పైన శ్రీరామ ఉండి తీరుతుంది. ముస్లిం మనిషి ఇంట్లో దొరికిన కాగితాల మీద శ్రీరామ. ఇది ఇంకొకరి చెయ్యి అని పసిపిల్లవాడు కూడా చెబుతాడు. చిచా అన్ని ఆదివారాలు అవి చేతిలోకి తీసుకుని చదివాడు, ఒక్కసారైనా ఇది వద్దు బిడ్డా అనలేదు. నేనూ చూసుకోలేదు.

ఆ రోజునుంచి నేను రాయడం మానేశాను. పుట్టింటికి ఉత్తరం లేదు. పచారీ చీటీ లేదు. రామకోటి పుస్తకాలు పదకొండు ఉన్నాయి, బియ్యపు డ్రమ్ము అడుగున పెట్టాను. స్వామి పేరు రాయడానికి భయపడ్డాను. దీనికంటే పెద్ద పాపం నేను ఎరిగి చెయ్యలేదు. అనంతగిరి మెట్లెక్కి అనంతపద్మనాభస్వామి ముందు నిలబడి, ఈయన ఉద్యోగం కాపాడు, పిల్లలతో రోడ్డున పడెయ్యకు అని మొక్కుకున్నాను. చిచాను కాపాడమని మొక్కుకోవడం, సిగ్గుపడుతూ చెబుతున్నాను, మెట్లు సగం దిగాక గాని గుర్తు రాలేదు. మళ్లీ ఎక్కాను.

ఒక పొద్దున కానిస్టేబులు వచ్చాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. మా వారి పేరు అడిగాడు, డ్యూటీలో ఉన్నారని చెప్పాను. స్టేషన్లో దొరకలేదన్నాడు. జేబులోంచి కాగితమూ పెన్సిలూ తీసి నా వైపు చాపాడు.

"అమ్మా, జర గీ చిట్టి రాసి పెట్టుకోండ్రి. నేను చెప్త, మీరు రాయుండ్రి. సారు రాంగనే ఇయ్యుండ్రి."

పెన్సిలు నా వైపే ఉంది. అతను నా ముఖం వైపు కాదు, నా చేతివైపు చూస్తున్నాడనిపించింది.

"నాకు చదువు రాదు నాయనా" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక అంత పెద్ద అబద్ధం ఆడలేదు. మా నాన్న నా వేలు పట్టుకుని దిద్దించిన అక్షరాలన్నీ ఆ ఒక్క మాటతో నేనే తుడిచేసినట్టయింది. అతను పాపం అన్నట్టు చూసి, పెన్సిలు జేబులో పెట్టుకుని నోటితోనే చెప్పిపోయాడు. ఏదో వ్యాగను మీద టార్పాలిన్ పోయిందట, సాక్ష్యానికి రమ్మని. అంతే. నిజంగా అంతేనో, కాదో, నాకు ఈనాటికీ తెలియదు. ఆ టార్పాలిన్ మాత్రం తరువాత దొరికింది.

మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. వేలిముద్రల వాళ్లలో కొందర్ని పిలిచి, బెదిరించి, పంపేశారు. ఎందుకు మా దాకా రాలేదో ఎమర్జెన్సీ ఎత్తేశాక చిచా వచ్చి చెబితే తెలిసింది.

పొడుగు మనిషి వంగిపోయాడు. ముందుపళ్లు రెండు లేవు. చాయ్ సాసర్లో పోసుకుంటే సాసరు టకటక కొట్టుకుంది. మా వారు పట్టుకుని తాగించారు. చాలాసేపు మా పిల్లల చదువుల గురించే అడిగాడు. తరువాత తనే చెప్పాడు.

కాగితాలు ముందు పరిచి ఎవరి రాత అని అడిగారట. నాదే అన్నాడు. నువ్వు ఉర్దూవాడివి కదా అన్నారు. నేర్చుకున్నాను అన్నాడు. పైన శ్రీరామ ఏమిటని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"అర్జీ ఎవరిదైతె వాళ్ల దేవుని పేరు పైన వెడ్త సాబ్. హిందువుదైతె శ్రీరామ, మావోళ్లదైతె బిస్మిల్లా. ముప్పై ఏండ్ల సంది గిదే నా పని అన్న."

అయితే రాయి అని కాగితం ఇచ్చారు. ఇన్‌స్పెక్టరు చెబుతుంటే ఒక పుట రాశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటే చెయ్యి.

నేను నమ్మలేకపోయాను. ఆయన తల వంచుకుని, తప్పు చేసినవాడిలా చెప్పాడు. నా దగ్గరనుంచి తీసుకుపోయిన ప్రతులున్నాయే, రోజూ పొద్దున నమాజు అయ్యాక వాటిని ముందు పెట్టుకుని, సిరా లేని కలంతో నా అక్షరాల మీదే దిద్దుకున్నాడు. అర్జీలన్నీ తెలుగులో కావాలంటున్నారు, కడుపు నిండాలి కదా. యాభై దాటాక పలక పట్టడం నామోషీ అనిపించి ఎవరికీ చెప్పలేదు. మా నాన్న నాకు నేర్పిన వంపులే, తలకట్టు కాస్త పైకి లేచే నా అలవాటుతో సహా, ఆయన చేతికి వచ్చేశాయి. వేరే దస్తూరి ఆయనకు తెలియదు. పైన శ్రీరామ కూడా దిద్దుకున్నాడు, అది లేకుండా పుట మొదలుపెట్టడం చేతకాక.

"నాకు గురువు నువ్వే బిడ్డా" అన్నాడు.

నేను లోపలికి పోయి దేవుడి గూటి ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన పళ్లు ఎలా పోయాయని అడగడానికి నాకు నోరు రాలేదు. మా వారూ అడగలేదు.

వచ్చిన పని అది కాదు. సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీసి గుమ్మం మీద పెట్టాడు. ప్రభుత్వం మారింది, మళ్లీ అడుగుదాం, సభ మళ్లీ పెడదాం. చెయ్యి వణుకుతోంది, అక్షరం నిలవడం లేదు. రాసి పెడతావా అని అడిగాడు.

ఆ నోటుబుక్కు ముట్టుకోలేకపోయాను. నా వల్ల కాదు చిచా, భయమైతుంది అన్నాను. నాకోసం పళ్లు పోగొట్టుకున్న మనిషితో ఆ మాట అన్నాను. మా వారు నా వైపు చూసి తల దించుకున్నారు. ఆయన మాత్రం నోటుబుక్కు తీసి, దుమ్ము దులుపుకుని, సంచిలో పెట్టుకున్నాడు.

"మంచిదే బిడ్డా. నేను అడిగిన, నువ్వు వద్దన్నవు. వద్దన్నంక గూడ రాయిస్తె నాకూ వాళ్లకూ ఫరక్ ఏమున్నది?"

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నా జీవితంలో ఏ పనికైనా నన్ను అడిగి, నేను కాదంటే సరే అన్న మగమనిషి ఆయన ఒక్కడే. ఆ తరువాత కూడా పండక్కి ఖీర్ పంపేవాడు. నోటుబుక్కు మాట మళ్లీ ఎత్తలేదు.

కబురు తెలిసిన మూడో రోజున మా వారూ నేనూ తాండూరు పోయాం. చిచా భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కొడుకు ఏదో ఆఫీసులో అటెండరు, తండ్రి పొడుగే. ఎమర్జెన్సీ పోయాక పోలీసులు తిరిగిచ్చిన కాగితాలూ, తరువాత రాసినవీ అన్నీ ఒక మూటగా తెచ్చి మా ముందు పెట్టాడు. ఉంచుకోవాలా, తగలబెట్టాలా అని మా వారిని అడిగాడు. తండ్రి పోయిన దుఃఖం ఉంది గాని గొంతులో నాకు తెలిసిన భయమే వినిపించింది. రేపు ఎవరైనా వచ్చి ఇవి ఎవరు రాశారంటే తను ఏం చెప్పాలి?

నేను మూట విప్పాను. పై పుటల్లో అక్షరం వణికింది, అవి జైలు నుంచి వచ్చాక ఆయన ఒంటరిగా కూర్చుని రాసినవి. కింద గొర్ల అవ్వ మాట, కందుల రైతు మాట. సిరా గీత పక్కనే సిరా లేని కలం నొక్కిన గాడి వేలికి తగిలింది. మా వారు నా వైపు చూస్తున్నారు. ఉద్యోగం ఇంకా రెండేళ్లుంది.

"ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు నాయనా. ఈ కిందివన్నీ నేను రాసినవే" అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. కొడుకు నన్ను మర్యాదగా చూశాడు. దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చి పెద్దావిడ ఏదో ఓదార్పుకు అంటోందనుకున్నాడు కాబోలు.

"గట్లెట్లయితది అమ్మా? అబ్బా దస్తూరి నేను గుర్తువట్టనా? చిన్నప్పటి సంది చూసిన. పొద్దుగాల నమాజ్ అయినంక గీ కాయిదాలే ముందట వెట్టుకొని రాస్తుండె."

ఇంకోసారి చెప్పబోయాను. ఆయన భార్య నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. కొడుకు కాగితాలు జాగ్రత్తగా సర్ది, తండ్రి రాత కదా, కాలబెట్టను అని తనకు తనే చెప్పుకుంటూ, మూట కట్టి లోపల పెట్టడానికి తీసుకుపోయాడు.